పోహన్న జాగారం

“పోహన్న ఇంటి ముందు లిఫ్టు పోయింది” అని మూడో అంతస్తు వరండాలోంచి రోహాయా కిందికి కేకేసింది. గాలి ఆ కేకను మధ్యలో కొరుక్కుతిని, మొదలూ చివరా మాత్రం కిందికి వదిలింది. బ్లాకు కింద స్తంభాల మధ్య ఖాళీలో నిలబడి పళ్లు కుట్టుకుంటున్న ముసలి తే చెవిలో “పోహన్న... పోయిం...” అంతవరకే పడింది. అతనికి అంతకన్నా అక్కర్లేదు. వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు, ముందు బల్ల.

చెత్తగది వెనక దాచిన మడతబల్ల బయటికొచ్చింది. అతని ఆటజోడీ గెక్ చూ, తువ్వాలులో చుట్టిన, నలుగురాడే మాజాంగ్ ఆట బిళ్లల పెట్టె చంకన పెట్టుకుని, వేరుసెనక్కాయల పొట్లం పళ్లతో చింపుకుంటూ వచ్చింది. కళ్లొత్తుకోవడానికి కాగితం రుమాళ్లు కూడా తెచ్చింది గానీ ముందు వాటితో బల్ల తుడిచింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, మిగతా రెండు చేతులకూ ఎవర్ని పిలవాలా అని మాట్లాడుకుంటూ ఉండగా పైనుంచి దగ్గు వినపడింది. ఆ దగ్గు ఇద్దరికీ బాగా తెలుసు. తలెత్తి చూస్తే మూడో అంతస్తు పిట్టగోడ మీంచి పోహ్ కిమ్ స్వీ తొంగిచూస్తున్నాడు, ముక్కులో గొట్టాలు, పక్కన చక్రాల మీద ఆక్సిజన్ సిలిండర్.

“ఏం చేస్తున్నార్రా?”

“దుమ్ము దులుపుతున్నాం అన్నా. ఊరికే” అన్నాడు తే.

“దుమ్ము దులపడానికి వేరుసెనక్కాయలెందుకు?”

“పొట్లం చింపేశాం. వదిలేస్తే మెత్తబడతాయి” అంది గెక్ చూ. “నువ్వు లోపలికెళ్లి పడుకో. గాలి తగులుతుంది.”

రోహాయా వచ్చి, పోయింది లిఫ్టు గానీ మనిషి కాదని విడమరిచి చెప్పింది. తే బిళ్లలు పెట్టెలో సర్దుతుంటే అతని మొహం చూడాలి. చచ్చినవాణ్ని చూసి మొహం మాడ్చుకునేవాళ్లు ఊరంతా ఉంటారు. బతికున్నవాణ్ని చూసి మాడ్చుకునేవాళ్లు తనకు ఇద్దరున్నారని పోహ్‌కు ఆ ఉదయం రూఢి అయింది. అతనికి కోపం రాలేదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగా అనిపించింది.

పేర్లు పెట్టిన దేవుడెవరోగానీ ఆ రోజు ఆజ్ఞలు జారీచేసే ఊపులో ఉన్నట్టున్నాడు. ఒకడు పోహ్, ఒకడు తే, ఒకతె చూ. తేకి ఇంటిపేరే తే, ఎవరింటికీ ఏదీ తెచ్చిన పాపాన మాత్రం పోలేదు. గెక్ చూ పేరుకు తగ్గట్టు చూస్తూనే ఉంటుంది, ముఖ్యంగా సిలిండర్ మీది ముల్లును. ఇక ఇద్దరూ కలిసి నోరారా “పోహన్నా” అని పిలిస్తే, “పో, అన్నా” అని బతిమాలుతున్నట్టే వినపడుతుంది.

ఈ బతిమాలడం వెనక ఒక చట్టం ఉంది.

సింగపూర్‌లో ప్రభుత్వ అద్దె ఫ్లాట్లలో ఇరుగుపొరుగును కాల్చుకు తినేవాళ్లను ఖాళీ చేయించడానికి రూల్సు బిగించారు. మంచి పనే. పై అంతస్తుల్నుంచి పిల్లల డైపర్లు విసిరేవాళ్లున్నారు, తెల్లవార్లూ గోడలు గుద్దేవాళ్లున్నారు, లిఫ్టును మరుగుదొడ్డి అనుకునేవాళ్లున్నారు. చట్టానికి కొత్తగా చెవులు మొలిచాయి. చెవులు మొలిచిన కొత్తల్లో ఎవరికైనా ప్రతిదీ చప్పుడే. డైపర్లతో పాటు మాజాంగ్ కూడా ఆ చీపురు కిందికే వచ్చింది. బ్లాకు కింద స్తంభాల మధ్య బల్లలు పీకేశారు. బిళ్లలు కలిపే చప్పుడు మీద ఫిర్యాదు వస్తే ముందు హెచ్చరిక, తర్వాత ఇంటికి తాళం. ఒంటిగది ఫ్లాట్లో పడుకోవడానికే చోటు చాలదు, ఇక ఆడుకోవడమెక్కడ? పోహ్, తే, గెక్ చూ, ల్యామ్ నలుగురిదీ ఏళ్ల తరబడి ఒకే బల్ల. ఆ దెబ్బతో నాలుగు కాళ్లూ విరిగి నలుగురూ నాలుగు గదుల్లో పడ్డారు.

అప్పుడు ల్యామ్ చచ్చిపోయాడు.

ల్యామ్ కూతుళ్లు తండ్రి శవపేటికను కింది ఖాళీలో పెట్టి ఐదు రోజులు జాగారం చేశారు. పేటిక మీంచి పిల్లి దూకితే శవం లేచి కూర్చుంటుంది, కాబట్టి రాత్రుళ్లు ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి, మేలుకోవడానికి మాజాంగ్ ఆడాలి. ఇది మా బ్లాకుల్లో తాతల నాటి పద్ధతి. పూజ చప్పుడుకూ, తప్పెట్లకూ, శవం పక్కన ఆడే మాజాంగ్‌కూ కొత్త చట్టం వర్తించదని ఎస్టేట్ ఆఫీసు వాళ్లే చెప్పారు. చచ్చినవాళ్ల జోలికి వెళ్లే ధైర్యం ఏ చట్టానికుంది? తే, గెక్ చూ ఐదు రోజులూ బల్ల దగ్గరి నుంచి లేవలేదు. ఐదో రోజున పేటిక కదిలినప్పుడు ఇద్దరూ నిజంగా ఏడ్చారు. కూతుళ్లు చూసి కదిలిపోయారు. ఎంత ప్రేమో నాన్నగారంటే.

అలా జాగా లేని ఆటకు జాగారం జాగా అయింది. తర్వాత ఆరో అంతస్తు ముసలమ్మ పోయింది, కొన్నాళ్లు పండగ. ఆ తర్వాత బ్లాకులో కరువొచ్చింది. ఒక్కరూ చావరు. ప్రభుత్వం ముసలివాళ్లకు ఉదయం వ్యాయామాలు నేర్పుతోందని తే రుసరుసలాడేవాడు. ఇద్దరూ బ్లాకునంతా కలయజూసి, చివరికి పోహ్ గుమ్మం దగ్గర ఆగారు.

పోహ్ బతుకంతా బజారులో కోళ్ల మెడలు విరిచినవాడు. కొనడానికొచ్చినవాళ్లు కోడిని ఎలా చూస్తారో అతనికి తెలుసు. ముందు కళ్లు, తర్వాత రొమ్ము, ఆ తర్వాత చేత్తో తూకం. “ఎలా ఉన్నావన్నా” అంటూ గెక్ చూ అతని మణికట్టు పట్టుకుని నాడి చూసిన మొదటి రోజే తనకు ధర కడుతున్నారని కనిపెట్టాడు. కనిపెట్టి, ధర పెంచాడు.

పెళ్లి లేదు, పిల్లల్లేరు. రెండో మంచం మీది మనిషి వృద్ధాశ్రమానికి వెళ్లిపోయాక గదిలో తనూ, సిలిండరూ. శవపేటిక, పూలు, పూజారి, తప్పెట అన్నీ దుకాణంలో ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. ఎంత ఇచ్చినా దుకాణంలో దొరకనిది ఒకటే, పక్కన కూర్చునే మనుషులు. కూర్చునేవాళ్లు లేకపోతే జాగారం లేదు. పదో అంతస్తు ముసలాయన యాప్‌కు ఎవరూ లేరు. అతను పోయినప్పుడు ఇద్దరు కూలీలు లిఫ్టులోంచి వ్యాన్‌లోకి తోశారు, వ్యాన్ తిన్నగా శ్మశానం కొలిమికెళ్లింది. కింద కూరలు తరుగుతున్నవాళ్లు తల ఎత్తలేదు. పోహ్ కూడా ఎత్తలేదు. ఆ రాత్రి నుంచి అతనికి చావంటే భయం లేదు, అలా చావడమంటేనే భయం.

అందుకని బేరం కుదిరింది. నేను పోతే ఐదు రోజుల జాగారం, రెండు బల్లలు, దుకాణంతో నేనే చెప్పి ఉంచుతాను, మీరు నా పక్కన కూర్చోవాలి, అన్నాడు పోహ్. తే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడు రోజులు చేయకూడదా అన్నా అని అడిగాడు. ఏడు రోజుల సంగతి నీ ప్రవర్తన చూసి చెబుతానన్నాడు పోహ్.

ఆ రోజు నుంచి అతను రాజభోగం అనుభవించాడు. గెక్ చూ మూలికలు వేసి నల్లకోడి సూప్ కాచి తెచ్చేది. ఉప్పెక్కువైందని ఒకరోజు, తక్కువైందని ఒకరోజు తిప్పి పంపేవాడు. తే చేత లుంగీలు ఉతికించుకున్నాడు, గోళ్లు తీయించుకున్నాడు, అవి కూడా కాలిగోళ్లు. తే మూలిగితే, “సరేరా, మూడు రోజులే చేసుకోండి” అనేవాడు. తే మళ్లీ వంగేవాడు. ఎప్పుడూ ఏదీ తేని తే చేత పోహ్ చివరికి డూరియన్ పండు తెప్పించుకుని, వాసన పడలేదని అతని కళ్లముందే చెత్తలో వేయించాడు.

ఏమీ ఆశించకుండా చేసే మనిషి పక్క గది రోహాయా. ఆస్పత్రిలో రాత్రిపూట నేల తుడిచే పని. పొద్దున్నే వచ్చి, పడుకునే ముందు పోహ్ సిలిండర్ మార్చి, అతను మాత్ర మింగేదాకా గుమ్మంలో నిలబడి తిట్టి మరీ వెళ్లేది. ఊరికే చేసేవాళ్లంటే పోహ్‌కు లెక్క లేదు. బేరం లేనిచోట అతనికి మర్యాద కూడా తోచేది కాదు.

అంతా సాగుతుండగా కబురొచ్చింది. చట్టం మరీ బిగుసుకుందని పైవాళ్లు మళ్లీ సవరించబోతున్నారట. ముసలివాళ్లు గదుల్లో మగ్గిపోతున్నారనీ, బ్లాకు కింద పగటిపూట మాజాంగ్‌కు ఒక మూల ఇద్దామా అనీ జనాన్ని అడుగుతున్నారట. తే ఈ మాట మోసుకొచ్చి గుమ్మంలోనే గంతేశాడు. అద్దెకుండేవాళ్లలో జబ్బుమనిషి మాట ఆఫీసువాళ్లు బాగా వింటారు, నువ్వు గట్టిగా చెప్పాలన్నా అని ఇద్దరూ అతనికి పాఠం అప్పజెప్పారు. బిళ్లల చప్పుడు వింటే నాకు ఊపిరాడుతుంది, అదే నాకు మందు, అనాలి. పోహ్ బుద్ధిగా తలూపాడు.

ఆ ఆదివారం సూప్ రాలేదు.

గెక్ చూ వచ్చింది గానీ సిలిండర్ ముల్లు వైపు చూడలేదు. మూలకు ఎన్ని బల్లలు పడతాయో తేతో లెక్కేస్తూ గుమ్మంలోంచే వెళ్లిపోయింది. తే లుంగీలు తడిగానే బకెట్‌లో వదిలేసి పోయాడు. పోహ్ మంచం మీద కూర్చుని ఆ బకెట్ వైపు చాలాసేపు చూశాడు. పగలు ఆడుకునే మూల దొరికాక రాత్రి శవం దగ్గర ఎవడు కూర్చుంటాడు? తను ఇంత వైభవంగా బతుకుతున్నది తన చావు వాళ్లకు అవసరం కాబట్టి. ఆ అవసరాన్ని ఆఫీసువాళ్లు తీర్చేస్తున్నారు. ఇలాంటి దయగల ప్రభుత్వాన్ని ఆపాలంటే తనొక్కడే దిక్కు.

ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి పేరు విన్నీ. పేరే విన్నీ, పని వినడం, ఇంతకన్నా ఎవరికి ఎవరు పేరు పెట్టగలరు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఫోను నిలబెట్టి, మీరు చెప్పేది వీడియో తీసుకోవచ్చా అంకుల్ అని అడిగింది. పైవాళ్లు చూడ్డానికేగా, తీసుకో అన్నాడు పోహ్. ఇంకెవరికైనా చూపించవచ్చా అంటే, పెద్దవాళ్లెవరికైనా చూపించుకోమన్నాడు. తనను పెద్దవాళ్లు చూస్తారంటే అతనికి సరదా.

తర్వాత అతను నటించాడు. దగ్గాడు, గుండె పట్టుకున్నాడు, గొట్టం సర్దుకున్నాడు. బిళ్లల చప్పుడు వింటే ఛాతీలో మేకులు దిగినట్టుంటుందనీ, మూల ఇస్తే తనను చంపినట్టేననీ చెప్పాడు. విన్నీ కళ్లు చెమర్చాయి.

“చివరిసారి ఎప్పుడు అంత ఇబ్బంది పడ్డారు అంకుల్?”

పోహ్ ఇక్కడ ఇరుక్కున్నాడు. బల్లలు పీకేసి చాలాకాలమైంది. తను ఈ జబ్బున పడింది ఆ తర్వాతే. మరి చప్పుడెక్కడిది? చప్పుడు లేకపోతే బాధెక్కడిది? అబద్ధం నిలబడాలంటే దానికింద ఒక నిజం పెట్టాలి, ఉన్న నిజం ఒక్కటే.

“ఆరో అంతస్తు ముసలమ్మ జాగారమప్పుడు” అన్నాడు. “ఆ రోజుల్లో రోజూ చచ్చి బతికానమ్మా.”

అనేశాక నాలుక కరుచుకున్నాడు. వెంటనే సర్దుకున్నాడు. జాగారం జోలికి ఎవడొస్తాడు? తాతల నాటి పద్ధతి. విన్నీ అతని చెయ్యి నొక్కి, మీ బాధ వృథా పోనివ్వను అంకుల్ అని వెళ్లింది.

కొన్నాళ్లకు ఆఫీసు ఊడ్చే మనిషి ద్వారా మాట జారింది. మూల రావడం లేదు. మూడో అంతస్తులో ఎవరో అడ్డం పడ్డారు.

మూడో అంతస్తు అనగానే తేకి ఇంకెవరూ తోచలేదు. పగలు పడుకునే మనిషి, చప్పుడంటే గిట్టని మనిషి, రోహాయా కాక ఇంకెవరు? మర్నాటి నుంచి ఆమె గుమ్మం ముందు రొయ్యల పొట్టు కుప్పలు. కన్నంటుకునే వేళకు తలుపు గంట, లేచి చూస్తే ఎవరూ ఉండరు. వెదురుగడకు ఆరేసిన ఆస్పత్రి బట్టల మీద పై నుంచి మురికినీళ్లు. గెక్ చూ ఆమెను వరండాలో చూసినప్పుడల్లా గోడతో మాట్లాడేది, కొందరికి నిద్ర ఎక్కువైతే శాశ్వతంగా పట్టిస్తే బాగుండని.

గంట మోగిన ప్రతిసారీ పోహ్‌కు గోడలోంచి వినపడేది. మొదటిసారి ఇబ్బందిగా కదిలాడు. రెండోసారి నవ్వొచ్చింది. తర్వాత అలవాటైంది. పైగా సూప్ మళ్లీ మొదలైంది, లుంగీలు ఆరుతున్నాయి, గెక్ చూ చూపు ముల్లు మీదికి తిరిగొచ్చింది. ఆ దిగులు మీద తే ఏడు రోజుల మాట మళ్లీ ఎత్తాడు, ఈసారి పోహ్ ఒప్పుకున్నాడు.

ఒక పొద్దున రోహాయా సిలిండర్ మారుస్తూ మరను తప్పుగా తిప్పింది. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

“నేను ఏ ఫిర్యాదూ చెయ్యలేదు పోహన్నా. దేవుడి మీద ఒట్టు. నా మీద పడ్డారెందుకు? నువ్వైనా వాళ్లకి చెప్పొచ్చుగా, నీ మాట వింటారు.”

పోహ్ ఆమె చేతుల్లోని మరను చూస్తున్నాడు. అది సరిగా బిగుసుకున్నాక అన్నాడు, “లోకం పాడైపోయింది చెల్లెమ్మా. మాత్ర ఇయ్యి.”

ఆమె మాత్ర ఇచ్చింది. మింగేదాకా నిలబడింది కూడా.

సవరణల గురించి అందరికీ చెప్పడానికి ఆఫీసువాళ్లు బ్లాకు కిందే సభ పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు, మైకు, పెద్ద టీవీ తెర, అందరికీ ప్లాస్టిక్ పొట్లాల్లో తేనీరు. పోహ్ చక్రాలకుర్చీని తే స్వయంగా తోసుకొచ్చి ముందు వరసలో పెట్టాడు. గెక్ చూ అతని మోకాళ్ల మీద దుప్పటి సర్దింది. నైట్ డ్యూటీ నుంచి తిన్నగా వచ్చిన రోహాయా అతనికి రెండో పక్కన కూర్చుంది, సిలిండర్ పిడి ఆమె చేతిలో ఉంది. ఇంతమంది మధ్య కూర్చుంటే పోహ్‌కు జాగారం ముందే జరుగుతున్నట్టు హాయిగా ఉంది.

విన్నీ మైకు తీసుకుంది. పగటి మాజాంగ్ మూల ఇవ్వడం లేదని చెప్పింది. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు గొణిగారు. పోహ్ దుప్పటి కింద తన మోకాలు తనే తట్టుకున్నాడు. విన్నీ ఇంకా ఆపలేదు. చట్టంలో ఒక కన్నం మిగిలిపోయిందని ఒక నివాసి చెప్పాకే మాకు అర్థమైంది, ఇకమీదట జాగారాల్లో పూజ ఉండొచ్చు, తప్పెట ఉండొచ్చు, భోజనాలు ఉండొచ్చు, మాజాంగ్ మాత్రం ఉండదు, అంది.

పోహ్ నోరు తెరిచాడు. లోపలికి వెళ్లాల్సిన గాలి ఎటు వెళ్లాలో మరిచిపోయినట్టయింది.

తే లేచి నిలబడ్డాడు. వేలు రోహాయా వైపు చూపించాడు. ఇదే ఆ నివాసి అన్నాడు. బతికున్నవాళ్లను ఆడుకోనివ్వలేదు, ఇప్పుడు చచ్చినవాళ్లనూ వదల్లేదు, దీన్ని బ్లాకు నుంచి తరమాలి, అన్నాడు. వెనక వరసల్లోంచి ఔనౌనని గొంతులు లేచాయి. ఎవరో పొట్లం విసిరితే రోహాయా భుజం మీద పగిలి తేనీరు కారింది. ఆమె తుడుచుకోలేదు, సిలిండర్ పిడి వదల్లేదు. పోహ్ వైపు ఒక్కసారి చూసింది. పోహ్ దుప్పటి అంచు సర్దుకున్నాడు.

విన్నీ హడలిపోయింది. ఆగండి, మీరు పొరబడుతున్నారు, ఆవిడ ఏమీ చెప్పలేదు, అని మైకులో అరిచినంత పని చేసింది. ఎవరూ వినకపోయేసరికి తన ఫోను తీసి టీవీకి తగిలించింది.

“అందరికీ చూపించడానికి అంకుల్ ఒప్పుకున్నారు” అంది. “పెద్దవాళ్లెవరికైనా చూపించుకోమన్నారు. ఇక్కడున్నవాళ్లంతా పెద్దవాళ్లేగా.”

తెర మీద పోహ్ మొహం వచ్చింది, అసలు మొహానికి పదింతలు. దగ్గాడు. గుండె పట్టుకున్నాడు. మూల ఇస్తే నన్ను చంపినట్టే అన్నాడు. ఆరో అంతస్తు ముసలమ్మ జాగారమప్పుడు రోజూ చచ్చి బతికానమ్మా అన్నాడు. తెర మీద చక్కగా ఏడ్చాడు కూడా, అతనికే గుర్తులేదు.

తే నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండి, తర్వాత నెమ్మదిగా వంగి పోహ్ చెవి దగ్గర నోరు పెట్టాడు.

“ఉతికిన లుంగీలు ఎన్నని చెప్పమంటావురా? ఇక నీ మీంచి ఊళ్లో పిల్లులన్నీ దూకినా నేను రాను.”

గెక్ చూ అతని మోకాళ్ల మీదికి వంగింది. దుప్పటి తనది, తీసి మడతపెట్టుకుంది.

“చెల్లెమ్మా” అన్నాడు పోహ్ రెండో పక్కకు తిరిగి. రోహాయా సిలిండర్ పిడిని అతని చేతిలో పెట్టింది, వేళ్లు ఒక్కొక్కటే మూసి మరీ.

“నాకు నిద్రవేళయింది” అని లేచి వెళ్లిపోయింది.

చప్పట్లు ఎక్కడో ఒకచోట మొదలై, ఎవరూ కలవక ఆగిపోయాయి. విన్నీ మాత్రం వెలిగిపోతోంది. ఒక అమాయకురాలి మీద పడ్డ నింద తొలగిందని ఆమె సంతోషం. చివరి వరసల్లో ముసలివాళ్లు చేతులు చెవుల వెనక పెట్టుకుని, ఎవరట, ఎవరు చెప్పారట అని ఒకరినొకరు అడుగుతుంటే, వినపడనివాళ్ల కోసం గొంతు పూర్తిగా పెంచి, వీడియో మళ్లీ మొదట్నుంచి వేసింది.